పదిసార్లూ ఒకే జవాబు

రిటైరైన లెక్చరర్ల దగ్గర రెండు రకాల కథలుంటాయి. తాము పాఠం చెప్పిన పిల్లలు ఎంత పెద్దవాళ్ళయ్యారో చెప్పేది ఒకటి. తమ మాట వినని హెడ్డు ఎలా నాలిక కరుచుకున్నాడో చెప్పేది రెండోది. నేనిప్పుడు చెప్పబోయే దాంట్లో రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి, కానీ రాస్తున్నది వాటి కోసం కాదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, పిల్లల చేత ప్రాజెక్టులు చేయిస్తూ, "ఎలాగోలా పుస్తకంలో ఉన్న నంబరు వస్తే చాలు" అనుకునే మీ తరం వాళ్ళ కోసం. అవునమ్మా, మిమ్మల్నే అంటున్నాను. కోపం వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదవండి.

నేను సికింద్రాబాద్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. మాది గుంటూరు వైపు. నాన్న మిషన్ స్కూల్లో హెడ్‌మాస్టరు, అమ్మ టీచరు, మేనత్తలిద్దరూ టీచర్లు. మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఎంత ఖాయమో, వేసవిలో నట్టింట్లో జవాబు పత్రాల కట్టలు కూడా అంత ఖాయం. పెళ్ళయి నేరేడ్‌మెట్ వచ్చాక నా ఇల్లూ అలాగే తయారైంది. పేపర్లు దిద్దడంలో నాకొక చెడ్డపేరుండేది. కాపీ కొట్టినవాళ్ళని వాసన చూసి పట్టేస్తానని. చెడ్డపేరు అన్నది పిల్లలు, నేను మాత్రం లోలోపల తెగ మురిసిపోయేదాన్ని.

నా ఎమ్మెస్సీ క్లాసులో ఒక పిల్ల ఉండేది, యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వాళ్ళ నాన్న మిలిటరీలో డ్రైవరుగా చేసి వచ్చేశాడు, అప్పటికి ఏదో స్కూలు బస్సు నడుపుతున్నాడు. మాట్లాడటం తక్కువ, అడగటం ఎక్కువ. క్లాసులో చెయ్యెత్తిందంటే నాకు గుండె కొంచెం గట్టిగా కొట్టుకునేది, ఏం అడుగుతుందోనని. ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరంలో ఉండగానే ఒక పెద్ద పరిశోధన సంస్థలో సీటు తెచ్చుకుంది. మా కాలేజీ నుంచి అంతకుముందు అక్కడికి వెళ్ళినవాళ్ళు లేరు. సీటుకి ఒక్క షరతు: ప్రాజెక్టులో ఎ గ్రేడు రావాలి, అదీ వాళ్ళు చెప్పిన గడువులోపు. గ్రేడు తగ్గినా, వైవా వాయిదా పడినా, సీటు వెయిటింగులో ఉన్న ఇంకొకరికి పోతుంది. ప్రాజెక్టుకి గైడును నేను. అంటే ఆ పిల్ల భవిష్యత్తు తాళంచెవి నా కొంగున ఉందన్నమాట. ఆ ఏడాది నాకు సరిగ్గా నిద్ర పట్టేది కాదు.

ప్రాజెక్టు ఏమిటో చెబుతాను, భయపడకండి. హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ళకీ ఇంకుడు గుంత తెలుసు. వాననీరు లోపలికి ఇంకాలంటే మట్టిలో సందులుండాలి. సందులుంటే చాలదు, అవి ఒకదాంతో ఒకటి కలిసి పైనుంచి అడుగుదాకా దారి కావాలి. ఫిజిక్సు వాళ్ళం మట్టిని పక్కనబెట్టి, దాని బదులు గళ్ళ పెట్టెని ఊహించుకుంటాం. చదరంగం బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా గళ్ళు. ఒక్కో గడికీ లాటరీ వేస్తాం: తెరిచి ఉందా, మూసి ఉందా. ఇప్పుడు పైన నీళ్ళు పోస్తే అడుగుకి చేరతాయా? తెరిచిన గళ్ళు తక్కువైతే చేరవు. కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే ఒకచోట, ఉన్నట్టుండి, దారి పడుతుంది. ఆ హద్దునే పెర్కొలేషన్ త్రెషోల్డ్ అంటారు.

ఒక్క బల్ల మీద, పక్కపక్క గళ్ళతోనే ఆడితే ఆ హద్దు నూటికి యాభై తొమ్మిది చిల్లర. మూడు వైపులా గళ్ళున్న పెట్టెలో నీటికి పైకీ కిందికీ తప్పించుకునే వీలు ఎక్కువ కాబట్టి ముప్పై ఒకటి చిల్లరకే దారి పడిపోతుంది. దశాంశాల్లో చెబితే 0.3116. ఇందులో నాకు నచ్చే విషయం ఏమిటంటే, ఆ అంకెని కాగితం మీద సూత్రం రాసి సాధించినవాళ్ళు ఇప్పటికీ లేరు. కంప్యూటర్లో పెట్టెలు కట్టి, లాటరీలు వేసి, సగటు తీసి తెలుసుకోవాల్సిందే. పెద్ద ఖర్చులేని పని, బుర్ర ఉన్న పిల్లకి సరైన పని. మా కాలేజీకి కావలసింది కూడా ఆ ఖర్చులేనిదే.

కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఆయన వరంగల్ వైపు మనిషి. వయసులో నాకంటే కొంచెం చిన్న. మిగతా కాలేజీలు పారేసిన మెషీన్లని తెచ్చి, ఒకదాని పేగులు తీసి ఇంకొకదానికి పెట్టి, పదిహేనింటిని నడిపించేవాడు. ప్రోగ్రాంలు రాసి నడిపించే, నీలం తెర వచ్చే పాత కంపైలర్ అంటే ఆయనకి ప్రాణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే చిన్న ఫంక్షన్ ఒకటి సొంతంగా రాసుకున్నాడు. అంటే లాటరీ యంత్రం. అడిగినప్పుడల్లా ఒక సంఖ్య విసురుతుంది. ఎన్ని ప్రాజెక్టులు వచ్చినా అదే వాడేవాడు. దాని మీద ఈగ వాలినా ఊరుకునేవాడు కాదు.

పెట్టె ఎంత పెద్దది తీసుకోవాలని పిల్ల అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"అరవై నాలుగు తీస్కో బిడ్డా. అటు అరవై నాలుగు, ఇటు అరవై నాలుగు, మీదికి అరవై నాలుగు. కంప్యూటర్‌కు రెండ్ల లెక్కంటే పానం. ముప్పై రెండు, అరవై నాలుగు, గట్ల. నువ్వు యాభై, వంద అన్నవనుకో, దానికి తక్లీఫైతది."

కంప్యూటర్ వాళ్ళందరికీ ఉండే మురిపెం అది. నేనూ సరేనన్నాను. ముందు ఒక్క బల్ల మీద నడిపించి చూశాం. యాభై తొమ్మిది చిల్లర చక్కగా వచ్చింది. ఇక పెట్టె మొదలుపెట్టాం. లాటరీ మొదలయ్యే చోటు మారుస్తూ పదిసార్లు నడిపితే పదిసార్లూ 0.336. మూడో దశాంశం కూడా కదల్లేదు.

ల్యాబాయన సంబరం చూడాలి. "పదిసార్లు ఒక్కటే జవాబు మేడం! గింత పక్కా లెక్క నా సర్వీసుల సూడలే!" అని కింద క్యాంటీన్ నుంచి టీలు తెప్పించాడు. నేనూ తాగాను. పిల్ల మాత్రం గ్లాసు పట్టుకుని తెర వంకే చూస్తోంది.

"గానీ మేడం, బుక్కుల పాయింట్ త్రీ వన్ వన్ సిక్స్ కదా. మనకు గిట్లెందుకొచ్చింది?"

అక్కడ మొదలైంది మా వేసవి. పిల్ల ప్రోగ్రాం మొత్తం పంక్తి పంక్తీ చూసింది. నేను చూశాను. నీరు ఒక గడి నుంచి పక్క గడికి వెళ్ళే భాగాన్ని చెరిపేసి వేరే పద్ధతిలో మళ్ళీ రాసింది. పెట్టె చిన్నది కావడం వల్ల కొంత తేడా రావచ్చు, అది మాకూ తెలుసు. కానీ ఆ లెక్క వేసి చూసినా ఇంత తేడా రాకూడదు. ఎన్ని చేసినా 0.336 అలాగే కూర్చుంది, పెళ్ళికొచ్చి వెళ్ళిపోవడం మరిచిపోయిన చుట్టంలా. రిపోర్టు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడుతోంది. పిల్ల కళ్ళ కింద నలుపు వచ్చేసింది.

ఇక మా డిపార్ట్‌మెంట్ హెడ్డు గారి సంగతి. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. మా పీజీ కోర్సు అప్పుడే పుట్టిన పసిబిడ్డ. ఆ సీటు వస్తే కాలేజీకి పేరు, పేరొస్తే కోర్సు నిలబడుతుంది. ఆయన ఆరాటం అది. ఒకరోజు మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచాడు.

"ఎందుకండీ మేడం ఇంత హైరానా? పుస్తకంలో ఎంతుంది? పాయింట్ త్రీ వన్. ఆ చుట్టుపక్కల ఒక నంబరు వేసి, కొంచెం ఎర్రర్ చూపించి, బైండింగుకి పంపించెయ్యండి. ఎగ్జామినర్ ఏమన్నా మళ్ళీ నడిపి చూస్తాడా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

నేను నోరు తెరిచేలోపు పిల్ల అంది.

"సార్, బుక్కుల ఉన్నది బుక్కు రాసినోళ్ళకు వచ్చింది. నాకు వచ్చింది నేను రాస్తా. రానిది ఎట్ల రాస్తా సార్?"

"సీటు పోతే?"

పిల్ల తల వంచుకుంది. సరేనని మాత్రం అనలేదు. బయటికి వచ్చాక వరండాలో నా చెయ్యి పట్టుకుని, "తప్పు మాట్లాడిన్నా మేడం?" అని అడిగింది. ఇటు చూస్తే గర్వం, అటు చూస్తే భయం. "తప్పేం కాదు, పద, ముందు అన్నం తిను" అన్నాను. అప్పుడు నాకు చేతనైన జవాబు అదొక్కటే.

ఆ వారమే డిగ్రీ పేపర్ల స్పాట్ వాల్యుయేషన్ పడింది. పెద్ద హాలు, కిర్రుమనే ఫ్యాన్లు, ఒక్కొక్కరి ముందూ కట్టలు. దిద్దుతుంటే వరసగా మూడు పేపర్లలో ఒకే లెక్కకి ఒకే తప్పు జవాబు తగిలింది. ఒప్పు జవాబు అందరికీ ఒకటే ఉంటుంది, దాన్ని చూసి నేను అనుమానపడను. తప్పు అలా కాదు, ఎవరి తప్పు వాళ్ళకుండాలి. మూడు పేపర్లలో ఒకే తప్పు, అదీ చివరి దశాంశం దాకా వచ్చిందంటే దానర్థం ఒక్కటే. ఎర్ర పెన్ను ఎత్తాను. ఎత్తిన పెన్ను అలాగే గాల్లో ఆగిపోయింది.

పక్కనున్న మేడం, "ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?" అంది. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. ఆ పూట కట్ట పూర్తిచేసి, ఆటో పట్టుకుని నేరుగా ల్యాబుకి వచ్చాను.

"అమ్మాయ్, నీ పది జవాబులూ కాపీ కొట్టినవే!"

పిల్ల ముఖం పాలిపోయింది. "మేడం! నేనా?"

"నువ్వు కాదే పిచ్చిదానా, అవి!"

కూర్చోబెట్టి చెప్పాను. రూపాయి బిళ్ళ వందసార్లు ఎగరెయ్యి. బొమ్మ ఎన్నిసార్లు పడుతుంది? యాభై చుట్టుపక్కల. మళ్ళీ వంద ఎగరెయ్యి. నలభై ఆరో, యాభై మూడో వస్తుంది. పది విడతల్లోనూ సరిగ్గా యాభై రెండు పడిందని ఎవరైనా చెబితే వాళ్ళు బిళ్ళ ఎగరెయ్యలేదన్నమాటే. లాటరీ వేసిన ప్రతిసారీ జవాబు కొంచెం అటూ ఇటూ కదలాలి. కదలకపోతే లాటరీ జరగనట్టు. పదిసార్లూ ఒకే జవాబు వచ్చిందని మేం టీలు తాగాం చూడండి, ఏడవాల్సింది అప్పుడే.

పిల్ల గబుక్కున ల్యాబాయన వైపు చూసింది. ఆయన ముఖం అప్పటికే ఎర్రబడింది.

"అంటే నా ఫంక్షన్ మీద శక్ చేస్తున్నరా మేడం? ఇన్నేండ్లల ఒక్కలన్న ఒక్క మాటనలే."

"మీ మీద కాదండీ. పేపర్ల మీద. ఇన్విజిలేటర్‌గా నా హక్కు అది. ప్రింటులు తీయించండి."

ప్రింటరు రిబ్బన్ ఎండిపోయి ఉంది. అలిగి కూడా ఆయనే రెజిమెంటల్ బజార్ వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చాడు. ఒక్కో పొర ఒక్కో కాగితం మీద వచ్చేలా ప్రోగ్రాం మార్చింది పిల్ల. తెరిచిన గడికి ఖాళీ, మూసిన గడికి చుక్క. మొదటిసారి నడిపినప్పటి మొదటి పొర, రెండోసారి నడిపినప్పటి మొదటి పొర పక్కపక్కన పెట్టి చూశాం. పోలిక లేదు. ఇంకో జత పెట్టాం, అక్కడా లేదు. ల్యాబాయన ముఖం వెలిగిపోయింది.

"సూసిన్రా? నేను చెప్పలే? ఉత్తగ పరేషాన్ చేసిన్రు."

తెలివైన పిల్లలు కాపీ కొడితే ఎలా కొడతారో ఆలోచించాను. మొదటి ప్రశ్న జవాబుని మొదట రాయరు. వరస మారుస్తారు. పక్కవాడి ఒకటో జవాబు తన ఆరో జవాబవుతుంది.

"ఒకే విడతలోని పొరలన్నీ తీయండి. అన్నీ నేల మీద పరవండి" అన్నాను.

మే నెల. కాగితాలు ఎగరకుండా ఫ్యాన్ ఆపేశాం. గదంతా కాగితాలే, నిలబడ్డానికి చోటు లేదు. నేను స్టూలెక్కి కూర్చున్నాను, మోకాళ్ళ మీద పాకే వయసు దాటిపోయింది మరి. ల్యాబాయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్ల చున్నీ నడుముకి బిగించుకుని నేల మీద పాకుతూ ఒక్కో కాగితం ఎడమవైపు పైమూల చూసుకుంటూ వెళ్ళింది. చెమట చుక్కలు కాగితాల మీద పడుతున్నాయి. తర్వాత ఒక కాగితం ఎత్తింది, వెనక్కి వచ్చి మొదటి కాగితం ఎత్తింది. ఏమీ మాట్లాడకుండా రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించింది.

పడమటి ఎండ వెనకనుంచి పడుతోంది. రెండు కాగితాలున్నట్టే లేదు. చుక్క మీద చుక్క, ఖాళీ మీద ఖాళీ, ఒక్కటి కూడా పక్కకి జరగలేదు.

"ఒకటో పొర, పదిహేడో పొర మేడం" అంది పిల్ల. "రెండోది, పద్దెనిమిదోది సుత అంతే ఉంటది, సూడండి."

ఉంది. మూడోదీ పంతొమ్మిదోదీ అంతే. మాలో విషయం ముందు అర్థమైంది ల్యాబాయనకి. గుమ్మంలోంచి కదిలి వచ్చి, కాగితాలు తొక్కకుండా ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు.

"తిరిగి మల్ల ఆడికే వచ్చింది మేడం. దాని చక్కర్ గంతే. అరవై అయిదు వేల అయిదొందల ముప్పై ఆరు. గన్ని విసిరినంక మల్ల మొదటి నుంచి గవే విసుర్తది. చిన్న చిన్న లెక్కలకు సాలేది. గింత పెద్ద పెట్టెకు సాలలే."

ఒక పొరకి అరవై నాలుగు అరవై నాలుగుల గళ్ళు. పదహారు పొరలు నిండేసరికి ఆయన లాటరీలో చీట్లు అయిపోతాయి, పదిహేడో పొరకి మళ్ళీ మొదటి చీటీయే. అది కూడా సరిగ్గా మొదటి పొర నెత్తిమీదికి, గడి మీద గడి వచ్చేలా. కంప్యూటర్‌కి తక్లీఫ్ కాకూడదని అరవై నాలుగు తీసుకున్నాం కదా, ఆ ముద్దు వల్లే అంత పొందికగా అతుక్కుంది. యాభయ్యో అరవై మూడో తీసుకుని ఉంటే కనీసం వంకరగానైనా పడేది. ఇక మేం మొదలయ్యే చోటు మార్చి పదిసార్లు నడిపామన్నది కూడా ఒట్టిదే. అదే గుండ్రటి దారిలో వేరే వేరే చోట బస్సెక్కాం, అంతే. పదిమంది సాక్షులనుకున్నాం, ఒక్కడే పది చొక్కాలు మార్చుకుని వచ్చి చెప్పిపోయాడు.

ల్యాబాయనే లేచాడు. మెషీన్ ముందు కూర్చుని, ఇన్నేళ్ళుగా కాపాడుకున్న ఫంక్షన్‌ని తనే చెరిపేశాడు. "లైబ్రరీల పెద్ద చక్కర్‌ది ఏదన్న ఉంటే తే బిడ్డా. ఇయ్యాల్నే షురూ చేద్దాం" అన్నాడు. తప్పు తెలిసిన పావుగంటలో అంత చేయగలిగిన మనిషిని నేను ఆయనొక్కణ్ణే చూశాను. పీహెచ్‌డీలున్న వాళ్ళలో కూడా చూడలేదు.

కొత్త లాటరీ పెద్దది, మంచిది, కానీ మా ముసలి మెషీన్ల మీద నత్తనడక. గడువు మీదపడుతోంది. అప్పుడు పిల్లకి తోచింది: సెలవులే కదా, పదిహేను మెషీన్లూ ఖాళీయే కదా, ఒక్కో దానికీ ఒక్కో పెట్టె ఇచ్చి ఒకేసారి కూర్చోబెడదామని. ల్యాబు అచ్చం పరీక్ష హాలైపోయింది. వరసల్లో మెషీన్లు, మధ్యలో నడుస్తూ నేను. కరెంటు పోతే ఆ విడత గోవిందా, మళ్ళీ మొదటినుంచి. ఆదివారం చర్చి అవగానే పట్టుచీరలోనే వచ్చేసేదాన్ని. మా ఆయన, "ఇంట్లో ఒక మనిషున్నాడు, అతనికీ భోజనం పెట్టాలని ఏదైనా పెర్కొలేషన్‌లో ఉందా?" అనేవాడు. "కొంచెం ఇంకనివ్వండి" అనేదాన్ని.

జవాబులు రావడం మొదలైంది. 0.309. 0.315. 0.311. 0.317. 0.308. ఒక్కోటి ఒక్కో తీరు. పిల్ల ఒక్కోటీ రాసుకుంటూ నవ్వుతోంది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను. అన్నీ కలిపి సగటు తీస్తే 0.312, దానికి కొంచెం అటూ ఇటూ. ఆ "కొంచెం" ఎంతో కూడా లెక్క వేసి పెట్టింది.

హెడ్డు గారు చూసి తల పట్టుకున్నాడు. "ఇంతకుముందు అన్నీ కలిశాయి, పుస్తకంతో కలవలేదు. ఇప్పుడు పుస్తకంతో కలిసింది, ఒకదాంతో ఒకటి కలవట్లేదు. ఏం మనుషులండీ మీరు!" అని, కాస్త తేరుకుని, "సరే, సగటు బాగుంది. ఆ పాత తప్పు గొడవ మాత్రం రిపోర్టులో పెట్టకండి. తప్పు చూపించుకుని ఎవరైనా మార్కులు అడుగుతారా?" అన్నాడు.

ఈసారి ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. వచ్చే ఎగ్జామినర్ సంగతి మాకు తెలుసు. ఎ గ్రేడు ఇవ్వాలంటే ఆయన చెయ్యి రాదు. తప్పు కనబడితే అక్కడే పట్టుకుని కూర్చుంటాడు. పిల్ల నా దగ్గరకొచ్చి, "మేడం, మీరు చెప్పండి. ఆ చాప్టర్ ఉంచాల్నా, తియ్యాల్నా?" అంది.

ఉంచమంటే సీటు నేను పోగొట్టినదాన్నవుతాను. తీసెయ్యమంటే... ఆ మాట నా నోట రాదు. "రిపోర్టు నీ పేరు మీద ఉంది. నువ్వేది చేసినా నీ వెనక నేనుంటాను" అన్నాను. పిల్ల చాప్టర్ ఉంచింది. అట్ట లోపల సంచి కుట్టించి ఆ రెండు కాగితాలు, ఒకటో పొరా పదిహేడో పొరా, మడతపెట్టి అందులో పెట్టింది.

వైవా రోజు. బల్లకి అటు ఎగ్జామినర్, హెడ్డు గారు, నేను. మెషీన్ మీద ప్రోగ్రాం చూపించాల్సి వస్తుందని ల్యాబాయన గుమ్మం పక్కన. పిల్ల ఇస్త్రీ చేసిన తెల్ల చుడీదార్‌లో నిలబడింది. ఎగ్జామినర్ రిపోర్టు చివరి పేజీ తెరిచి సగటు చూశాడు, కళ్ళజోడు పైనుంచి పిల్లని చూశాడు.

"పాయింట్ త్రీ వన్ టూ. బాగుంది. నేను వెళ్ళిన ప్రతి కాలేజీలోనూ పిల్లలకి పుస్తకంలో ఉన్న నంబరే వస్తుంది. ఏ తప్పూ జరగదు. మన దేశంలో కంప్యూటర్లు చాలా మర్యాద తెలిసినవి."

హెడ్డు గారు ఇబ్బందిగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. పిల్ల నవ్వలేదు, భయపడలేదు.

"మాకు ఫస్ట్ తప్పే వచ్చింది సార్. నాలుగో చాప్టర్."

ఆయన ఆగి, వెనక్కి తిప్పి చదివాడు. పిల్ల రెండు కాగితాలూ తీసి ఇచ్చింది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళినవాడు తిరగడే! మాకు ఆయన వీపే కనిపిస్తోంది. ఆ సీటు కోసం, రెండు బస్సులు మారి వచ్చే ఆ పిల్ల కోసం మనసులోనే ప్రార్థన చేసుకున్నాను.

"ఈ ఫంక్షన్ రాసింది ఎవరు?" అన్నాడు ఇటు తిరక్కుండానే.

పిల్ల, "నా ప్రోగ్రాంల ఉంది సార్, జిమ్మేదారీ నాదే" అంది. ఆ మాట పూర్తి కాకుండానే గుమ్మం దగ్గర్నుంచి ల్యాబాయన ముందుకొచ్చాడు.

"నేను రాసిన సార్. నౌకరీల కొత్తగ చేరినప్పుడు. గలతీ నాది, పిల్లది గాదు. పట్టుకున్నది పిల్ల."

ఎగ్జామినర్ ఇప్పుడు తిరిగాడు. ముఖంలో వెటకారం లేదు.

"ఎంత చక్రం?"

"అరవై అయిదు వేల చిల్లర సార్."

"నాదీ అంతే" అన్నాడు ఆయన. నెమ్మదిగా వచ్చి కూర్చున్నాడు. "నా థీసిస్‌లో నేనూ నా ఫంక్షన్ నేనే రాసుకున్నాను. పెట్టె సైజు కూడా ఇదే. నా జవాబులు ఒకదాంతో ఒకటి నాలుగో దశాంశం దాకా కలిశాయి. మా గైడు వీపు తట్టాడు. ఇన్నేళ్ళుగా ఆ మాట గొప్పగా చెప్పుకుంటున్నాను." కాగితాలు జాగ్రత్తగా మడిచాడు. "ఇంటికెళ్ళి చూసుకోవాలి."

నేనైతే ఆ క్షణంలో ఆయన మీద కోపమంతా మరిచిపోయాను. ఆ తర్వాత కూడా ఆయన ప్రశ్నలు తగ్గించలేదు, చాలాసేపు గుచ్చి గుచ్చి అడిగాడు. పిల్ల తెలిసినవాటికి జవాబు చెప్పింది, తెలియనిదానికి తెలియదంది. తర్వాత బయట కూర్చోమన్నారు. ఆయన మార్కుల కాగితం ముందుకి లాక్కుని, ఎవర్నీ అడక్కుండా, ఎ అని రాసి సంతకం చేసి, మా ఇద్దరి వైపు జరిపాడు. హెడ్డు గారు సంతకం పెడుతూ, "ఆ చాప్టర్ ఉంచమని నేనే చెప్పానండీ" అన్నాడు. ఆ ఒక్క అబద్ధం ఆయనకి బహుమానంగా వదిలేశాను.

పిల్లల్ని చదివించిన ఇల్లు మాది. టీచరు గదిలోకి వస్తే పిల్లలు లేవాలి, పిల్లలు వస్తే టీచరు కదలక్కర్లేదు. చిన్నప్పటినుంచీ నేను చూసిన మర్యాద అదే, నేను పాటించిందీ అదే. రిజల్టు చెప్పడానికి పిల్లని లోపలికి పిలిచారు. తలుపు తీసుకుని వచ్చింది, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు నా మీదే పెట్టి. ఎగ్జామినర్ ఇంకా నోరు తెరవలేదు.

చూసుకుంటే నేను లేచి నిలబడి ఉన్నాను.

హెడ్డు గారు కంగారుగా, "ఏమైంది మేడం?" అన్నాడు.

"ఏం లేదు సార్, కాళ్ళు పట్టేశాయి" అన్నాను.